ఆరు మిల్లీమీటర్లు

కుర్రాణ్ణి ప్రిన్సిపాల్ గది పక్కనున్న సామాను గదిలో, కాళ్ళు విరిగిన బెంచీల మధ్య కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర ఒక కానిస్టేబులు. గడియారంలో రెండూ అయిదు. నాలుగింటికల్లా అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, అటునుంచి అటే జైలుకు పంపిస్తామని ఇన్‌స్పెక్టరు అప్పటికే పత్రికలవాళ్ళకి చెప్పేశాడు.

"కుడిచెయ్యి ఇలా పెట్టు," అంది భూతద్దం.

ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో తప్ప ఎక్కడా లేరు. ఇరవై రెండేళ్ళు పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో వంచిన తల ఎత్తకుండా పనిచేసి, రావలసిన పదోన్నతి మూడుసార్లు చేజారాక రాజీనామా కాగితం బల్లమీద పడేసి వచ్చేసింది. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. ఆఫీసంటే ఒక గది, రెండు కుర్చీలు, ఒక ఫోను. శాఖలో పెట్టిన పేరు మాత్రం వెంటే వచ్చింది.

పొద్దున ఆ గదికి వచ్చి రెండో కుర్చీలో కూర్చుని ఏడ్చింది ఈ కుర్రాడి అక్క. తల్లీ తండ్రీ తానే అయి పెంచిన తమ్ముడట. నిన్న కాలేజీలో ప్రొఫెసరమ్మని తోసి తల పగలగొట్టాడని పట్టుకున్నారట. "వాడు బంతిని తప్ప దేన్నీ తోసి ఎరగడండీ," అంది. ఆ మాటకి కరిగి కేసు ఒప్పుకుందనుకుంటే పొరపాటు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు ఎవరో తెలిశాక ఒప్పుకుంది. ఆ ఇన్‌స్పెక్టరు ఆవిడ సొంత చెల్లెలి మొగుడు.

ఆ మరిదిని తలుచుకుంటేనే ఆవిడకి కడుపులో మంట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరు నెలలు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఏ ముద్ర ఎలా ఎత్తాలో, ఏ గీత ఎటు తిరిగితే ఏమని అర్థమో పూసగుచ్చినట్టు చెప్పింది. తీరా ఆవిడ విప్పిన చిక్కుముడికి పతకం అతనికి వచ్చింది. కన్నతల్లి సైతం బీరువా తలుపు లోపల అల్లుడి ఫొటోలే అంటించుకుంది, పేపర్లోంచి కత్తిరించి మరీ. పెద్దకూతురిది ఒక్కటీ లేదు. దీన్ని ఆవిడ అన్యాయం అనుకునేది. పక్కవాళ్ళు ఓర్వలేనితనం అనేవాళ్ళు. వాళ్ళ మాటా అబద్ధం కాదు.

కుర్రాడి అరచేతిని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. కాయలు కాచిన చెయ్యి. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు కావడంతో అందరూ అతన్ని గోడ అంటారు.

"ప్రొఫెసరమ్మతో మొన్న గొడవ ఎందుకు పడ్డావు?"

"గొడవ కాదండి. బోర్డు మీద జాబితా తీసెయ్యమని అడిగాను."

"ఏ జాబితా?"

"చేతుల కొలతలదండి. మేడమ్ మా అందరి చేతులూ కొలిపించారు కదా. నూట ఇరవై మంది అబ్బాయిలవి ఒక పక్క, నూట ఇరవై మంది అమ్మాయిలవి ఒక పక్క. పేర్లుండవు, నంబర్లే. కానీ నాది ఎనభై ఒకటని మావాళ్ళందరికీ తెలుసు." గోడ తల దించుకున్నాడు. "అబ్బాయిల సగటు పద్దెనిమిది పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు. నాది పద్దెనిమిది పాయింట్ ఆరు. గోల్‌కీపరువి, నీకు సగటు చెయ్యి కూడా లేదేంట్రా అని మొదలుపెట్టారు. పైగా అమ్మాయిల్లో ఒకటో నంబరుకి పందొమ్మిది పాయింట్ రెండు ఉంది. ఆ అమ్మాయిని గోల్‌లో నిలబెట్టి నువ్వు పక్కన చప్పట్లు కొట్టుకో అన్నారు."

"ఎవరా అమ్మాయి?"

"ఎవరికీ తెలీదండి. క్లాసులో పొడుగ్గా ఉన్న అమ్మాయిలందరితో చెయ్యీ చెయ్యీ ఆనించి చూశారు. ఎవరిదీ అంత లేదు."

"నీకు కుళ్ళు పుట్టలేదూ?"

గోడ కాస్త ఆలోచించాడు. "పుట్టిందండి. రెండు రోజులు అన్నం సహించలేదు."

తన కుళ్ళు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకునే మనిషిని భూతద్దం చాలా కాలానికి చూసింది. ఇలాంటివాడు ఒక ఆడమనిషిని తోసి, తల పగలగొట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చోడని ఆవిడకి అనిపించింది. అయితే ఆవిడకి అనిపించినంత మాత్రాన మేజిస్ట్రేటు వదిలిపెట్టడు.

"నిన్న మూడున్నర నుంచి నాలుగు దాకా ఎక్కడున్నావు?"

"రీడింగ్ రూములో నిద్రపోయానండి. పుస్తకం ముందు పెట్టుకుని."

"చూసినవాళ్ళు?"

"చూస్తే లేపేవాళ్ళు కదండీ." గోడ ముందుకి వంగాడు. "మేడమ్‌కి తెలివొస్తే నేను కాదని ఆవిడే చెబుతారు. నిన్నట్నుంచి అదే అనుకుంటున్నాను. నాలుగింటి లోపల తెలివొస్తుందంటారా?"

ఆవిడ చేతి గడియారం చూసుకుని లేచింది.

రెండుంపావుకి కొలతల గది తాళం తీసినవాడు ప్రొఫెసరమ్మ దగ్గర కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థి. అందరూ జూనియర్ అంటారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చొక్కా గుండీలు ఒకటి కిందకి ఒకటి పెట్టుకున్నాడు.

"నిన్న ఎన్నింటికి ఎవరెక్కడ ఉన్నారో చెప్పు. సాగదీయకు."

"మూడూ ఇరవైకి నేను జిరాక్స్ తీయించడానికి వెళ్ళానండి. మేడమ్ ఒక్కరే ఉన్నారు. మూడూ యాభైకి అక్క వచ్చి చూసేసరికి మేడమ్ ఆ ఇనుప బీరువా పక్కన పడి ఉన్నారు. అక్క కేకలు వేస్తే అటెండరు పరిగెత్తుకొచ్చాడు. అక్కంటే మా సీనియర్ అండి. నాలుగేళ్ళుగా మేడమ్ దగ్గరే పరిశోధన చేస్తోంది. నేను చేరి ఎనిమిది నెలలు."

"ఇప్పుడెక్కడుంది?"

"ఆస్పత్రిలోనేనండి. నిన్నట్నుంచి మేడమ్ మంచం పక్కనుంచి కదల్లేదు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని నర్సు చెప్పింది."

భూతద్దం గది కలియజూసింది. మధ్యన పొడవాటి బల్ల, దానిమీద రెండు వెర్నియర్ కాలిపర్స్. బల్ల చివర ముద్రల సిరా పోసే పళ్ళెం తిరగబడి ఉంది. ఎడమ పక్క ఇనుప బీరువా, దాని అంచున ఆరిన నెత్తురు. కుడి పక్క గాజు తలుపుల అలమర. ఆ గాజు మీద భుజమంత ఎత్తులో నీలంగా ఒక కుడిచెయ్యి. వేళ్ళు కొంచెం పక్కకి ఒరిగి ఉన్నాయి. కాలు తడబడిన మనిషి ఆసరా కోసం వేసిన చెయ్యది.

దగ్గరికి వెళ్ళి చూసి నిట్టూర్చింది. సిరా మరీ చిక్కగా అంటుకుని గీతలన్నీ పూడిపోయాయి. ఇరవై రెండేళ్ళు గీతలు చదివి బతికిన మనిషి ముందు గీతల్లేని ముద్ర పెట్టారు. మిగిలింది సైజు ఒక్కటే. తన స్కేలు తీసి మణికట్టు నుంచి నడిమివేలి కొస వరకు కొలిచింది. పద్దెనిమిది పాయింట్ ఆరు. గోడని పట్టించిన ఆ కొలతలో మరిది వెంట్రుకవాసి కూడా తప్పలేదు. తప్పితే బాగుండునని ఆవిడ ఎంతగా కోరుకుందో స్కేలు మళ్ళీ మళ్ళీ పెట్టి చూడడంలోనే తెలిసిపోయింది.

"ఈ సిరా కడిగితే పోదా?"

"ఆరితే పోదండి. ఆరడానికి నిమిషం చాలు. మా చేతులు చూడండి, ఎప్పుడూ ఇంతే." జూనియర్ నీలి వేళ్ళు చూపించాడు.

"మీరు చేతులు ఎలా కొలుస్తారో నా చెయ్యి కొలిచి చూపించు."

అతను కాలిపర్స్ తీసి, ఒక దవడ ఆవిడ మణికట్టు మడత దగ్గర పెట్టి, రెండోది నడిమివేలి కొసకి తాకేదాకా జరిపాడు. "పదిహేడు పాయింట్ రెండండి. ఇది రిజిస్టరులో రాస్తాం. తర్వాత సిరా పూసి గ్రాఫు కాగితం మీద ముద్ర తీస్తాం. గళ్ళు లెక్కబెడితే అరచేతి వైశాల్యం వస్తుంది. పనిముట్ల పిడులన్నీ మగవాళ్ళ చేతుల కొలతకే చేస్తున్నారని మేడమ్ కోపం. అది లెక్కల్లో తేల్చాలని ఇదంతా."

"ముద్ర పొడుగు ఎక్కడైనా రాస్తారా?"

"లేదండి. దానితో పనేముంది?"

భూతద్దం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నీ కాగితం తియ్యి," అంది.

అబ్బాయిల కట్టలో అన్నిటికన్నా పైన ఉన్నదే అతనిది. రిజిస్టరులో అతని చెయ్యి పద్దెనిమిది పాయింట్ తొమ్మిది. గ్రాఫు కాగితం మీద గళ్ళు లెక్కపెట్టింది. పద్దెనిమిది పాయింట్ మూడు. ఆరు మిల్లీమీటర్లు తక్కువ. ఇంకో కాగితం తీసింది, అయిదు. మరొకటి, ఆరు. పది కాగితాలు చూసేసరికి ఆవిడకి పట్టరానంత సంతోషం వేసింది. వేలి కొస గుండ్రంగా ఉంటుంది, చివరంటా కాగితానికి ఆనదు. మణికట్టు దగ్గర కూడా చర్మం కాస్త లేచే ఉంటుంది. ఇనుప దవడలకి దొరికే చెయ్యి వేరు, సిరాకి దొరికే చెయ్యి వేరు. మరిది గాజు మీది ముద్రని కొలిచి, ఆ అంకెని కాలిపర్స్ రిజిస్టరులో వెతికాడు. ఎనభై ఒకటో నంబరు కాగితం లాగి చూసింది. గోడ ముద్ర సరిగ్గా పద్దెనిమిది. గాజు మీది చెయ్యి అతనిది కానే కాదు.

అయితే ఎవరిది? ఆ ముద్రకి ఆరు మిల్లీమీటర్లు కలిపితే అసలు చెయ్యి పందొమ్మిది పాయింట్ రెండు. పల్చటి కాగితం గాజు మీద ఆనించి ముద్ర అంచు వెంట గీత గీసుకుని, అబ్బాయిల్లో ఆ చుట్టుపక్కల కొలతలున్న ఏడుగురి కాగితాల మీదా పెట్టి చూసింది. ఒకడికి బొటనవేలు పొట్టి, ఒకడికి చిటికెనవేలు పొడుగు, ఇంకొకడి అరచెయ్యి చేటంత. ఒక్కటీ కుదరలేదు. అప్పుడు అమ్మాయిల కట్ట విప్పింది. మొదటి కాగితం మీద రెండు అని రాసి ఉంది.

"ఒకటి ఏది?"

జూనియర్ కంగారుగా కట్టంతా తిరగేశాడు. "నిన్న పొద్దున ఉందండి. నేనే లెక్కబెట్టి కట్టాను."

"అమ్మాయిల్లో ఒకటో నంబరు ఎవరు?"

"అక్కండి. మా దగ్గర మొదటి చెయ్యి ఎప్పుడూ కొలిచేవాళ్ళదే. పరికరం సరిగా ఉందో లేదో ముందు మా మీదే చూసుకుంటాం. అబ్బాయిల్ని నేను కొలిచాను కాబట్టి అందులో ఒకటి నేను. అమ్మాయిల్ని అక్క కొలిచింది."

క్లాసుల్లో ఎవరి చెయ్యి ఆనించినా ఆ అమ్మాయి దొరకకపోవడంలో వింత లేదు. ఆ అమ్మాయి ఏ క్లాసులోనూ కూర్చోదు. పైగా ముద్రని ముద్రతోనే పోల్చాలని తెలిసినవాళ్ళు ఈ గదిలో పనిచేసే ముగ్గురే. ఒకరికి ఇంకా స్పృహ రాలేదు, ఒకడు ఎదురుగా బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. గాజు మీద చెయ్యి చెరపలేక, దానికి జోడీగా ఉన్న కాగితాన్ని మాయం చేసింది మూడో మనిషి.

"ఈ కొలతల మీద రాసే పరిశోధన వ్యాసానికి మొదటి పేరు ఎవరిది?" అని అడిగింది.

జూనియర్ చెవులు ఎర్రబడ్డాయి. "అక్కదే అనుకున్నామండి మొదట్నుంచీ. మొన్న మేడమ్, లెక్కలన్నీ నువ్వు కట్టావు కాబట్టి నీ పేరే ముందు పెడదాం అన్నారు. నేను వద్దన్నాను. గట్టిగా అయితే అనలేదు. నిన్న మధ్యాహ్నం అక్కకి తనే చెబుతానన్నారు మేడమ్."

నాలుగేళ్ళు చాకిరీ చేసినదాన్ని పక్కన పెట్టి, నిన్నగాక మొన్న వచ్చినవాడికి పీట వేశారు. ఆ మంట ఎలా ఉంటుందో భూతద్దానికి ఒకరు చెప్పక్కర్లేదు. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతుందో ఒంటికి తెలుసు. ఒక్క క్షణం ఆ ముఖం తెలియని పిల్లమీద జాలి వేసింది, అంతకన్నా ఎక్కువ భయం వేసింది.

తలుపు పైనున్న గడియారంలో రెండూ ముప్పై అయిదు. వెంటనే ఎవరికైనా చెప్పాలనుకుంటూ గుమ్మం వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే మరిది లోపలికి వచ్చాడు. వెనక ప్రిన్సిపాల్, ఆయన వెనక కెమెరా తగిలించుకున్న విలేకరి.

"వదినగారు కేసులోకి దిగారని మా ఆవిడ చెప్పింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు నవ్వుతూ. "మీరు ఊరికే ఉండరని నాకూ తెలుసు. టీ తాగారా?"

"నీ పని నువ్వు సరిగ్గా చేసుంటే నేను ఊరికే ఉండేదాన్ని."

"ఏం తేడా వచ్చిందో చెప్పండి, దిద్దుకుంటాను." అతను విలేకరికి వినబడేలా వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. "గాజు మీద చెయ్యి పద్దెనిమిది పాయింట్ ఆరు. అమ్మాయిల్లో ఆ కొలత ఎవరికీ లేదు, వాళ్ళ సగటే పదిహేడు పాయింట్ ఒకటి. అబ్బాయిల్లో నలుగురికి ఉంది. ముగ్గురు ఆ టైముకి పరీక్ష హాల్లో ఉన్నారు. నాలుగోవాడు ముందురోజే మేడమ్ మీద అరిచాడు. నిద్రపోయానంటాడు, చూసినవాళ్ళు లేరు."

"మేడమ్‌ని మొదట చూసిన పిల్ల ఏం చెప్పింది?"

"పాపం, ఆ అమ్మాయి మేడమ్ తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతుల నిండా సిరా, నెత్తురు. లేపబోతే అంటాయంది. అలమర వైపు తొంగి కూడా చూడలేదని రాసిచ్చింది. కన్నకూతురు కూడా అంత చెయ్యదు వదినా." అతను విలేకరి వైపు తిరిగాడు. "మా వదినగారు నాకు గురువండి. ఇప్పుడంటే వయసు మీదపడింది కానీ, ఒకప్పుడు శాఖలో ఆవిడ మాటంటే మాటే."

అతను గౌరవంగానే అన్నాడేమో. ఆ 'ఒకప్పుడు' మాత్రం ఆవిడకి సూదిలా దిగింది. విలేకరి పెన్ను కదిలింది. రేపు పేపర్లో అదీ వస్తుంది, దాన్ని అమ్మ కత్తిరించి బీరువాకి అంటిస్తుంది.

ఒక్క మాటలో చెప్పేయొచ్చు. ఆ పిల్లే, పద ఆస్పత్రికి, అంటే అయిపోయేది. కానీ అలా అంటే జీపెక్కి వెళ్ళేది అతను, పట్టుకునేది అతను, ఫొటో అతనిది. ఈ గదిలో అందరి ముందూ అతను తప్పని తేలాలి. ఆ పిల్ల ఎక్కడికీ పోదు. పేషెంటుకి స్పృహ లేదు, తలుపు దగ్గర కాపలాకి కానిస్టేబులు ఎటూ ఉంటాడు. అరగంటలో ఏం మునిగిపోదులే అనుకుంది.

"ఆ కుర్రాణ్ణి ఇక్కడికి పిలిపించండి," అంది ప్రిన్సిపాల్‌తో. "అందరూ ఉండాలి."

గోడని తీసుకొచ్చేసరికి రెండూ నలభై అయిదు. భూతద్దం మరిది వైపు చూసి బల్లమీద తట్టింది. "చెయ్యి పెట్టు."

"నాదెందుకు?"

"గురువునన్నావుగా. పాఠం చెబుతాను."

విలేకరి నవ్వాడు. ఇన్‌స్పెక్టరు చేతి గడియారం విప్పి చెయ్యి పెట్టాడు. జూనియర్ కాలిపర్స్‌తో కొలిచాడు. పందొమ్మిది పాయింట్ ఏడు. తర్వాత ఆవిడే స్వయంగా అతని అరచేతికి మణికట్టు దాకా సిరా పూసింది, అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువగానే. గ్రాఫు కాగితం మీద నొక్కించి, గళ్ళు పైకి లెక్కపెట్టమంది. అతను లెక్కపెట్టాడు. గొంతు తగ్గిపోయింది.

"పందొమ్మిది పాయింట్ ఒకటి."

"ఆరు మిల్లీమీటర్లు ఎటు పోయాయి మరిదీ?"

కెమెరా రెండుసార్లు మెరిసింది. నీలి చెయ్యి గాల్లో పెట్టుకుని నిలబడ్డ ఆ ఫొటోని అమ్మ ఏ తలుపుకి అంటిస్తుందో చూడాలనుకుంది భూతద్దం. ఎన్నో ఏళ్ళకి ఆవిడ ప్రాణం హాయిగా ఉంది.

అక్కడితో ఆపినా సరిపోయేది. ఆపలేదు. ప్రిన్సిపాల్ చెయ్యి కొలిపించింది, విలేకరి చెయ్యి కొలిపించింది. ఒక్కొక్కరికీ సిరా పూసి, గళ్ళు లెక్కపెట్టించి, ప్రతిసారీ మరిది ముఖంలోకి చూసింది. మధ్యలో జూనియర్ జేబులో ఫోను కుయ్యిమంది. అతను తీసి చూసుకుని, "అమ్మగారూ, ఒక్క మాట," అన్నాడు.

"నువ్వాగు," అంది ఆవిడ.

జూనియర్ ఫోను పట్టుకుని నోరు మూసుకున్నాడు. ఆవిడ ఎనభై ఒకటో కాగితం తీసి, గోడ చెయ్యి దానిమీద పెట్టించి, ముద్ర పద్దెనిమిదేనని చూపించింది. గీత గీసుకున్న పల్చటి కాగితం దానిమీద పరిచి, నాలుగు పక్కలా మిగిలిపోయిన అంచు చూపించింది. గోడ ఆ అంచు వైపు చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. గుమ్మం బయట నిలబడి ఉన్న వాడి అక్క లోపలికి వచ్చి తమ్ముణ్ణి పొదివి పట్టుకుంది.

"తప్పు నాదే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. సాకులు చెబుతాడని ఎదురుచూసిన ఆవిడకి అది కాస్త వెలితిగా అనిపించింది. "కుర్రాణ్ణి వదిలేస్తున్నాను. మరి గాజు మీద చెయ్యి ఎవరిది వదినా?"

భూతద్దం అమ్మాయిల కట్ట ఎత్తి బల్లమీద పడేసింది. "ఇందులో ఒకటో నంబరు లేదు. ఆ చెయ్యి పందొమ్మిది పాయింట్ రెండు. అలమర వైపు తొంగి కూడా చూడలేదని నీకు రాసిచ్చిన మనిషిది."

ఇన్‌స్పెక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ అమ్మాయి ఆస్పత్రిలో మేడమ్ దగ్గరుంది," అన్నాడు.

"తెలుసు. నీ కానిస్టేబులు ఉన్నాడుగా తలుపు దగ్గర."

"లేడు వదినా. పన్నెండింటికే తీసేశాను. నేరస్తుడు దొరికాక కాపలా ఎందుకని."

జూనియర్ భయం భయంగా ఫోను ముందుకి చాపాడు. "ఇందాక ఇదే చెబుదామనుకున్నానండి. మీరు ఆగమన్నారు."

వార్డు నర్సు పంపిన కబురది. మీ మేడమ్‌కి తెలివొచ్చింది, కళ్ళు తెరిచారు, ఏదో చెప్పాలని చూస్తున్నారు. కబురు వచ్చిన సమయం రెండూ యాభై మూడు.

భూతద్దం ఫోను లాక్కుని ఆ నంబరుకే కలిపింది. రెండు రింగులకి నర్సు ఎత్తింది.

"పేషెంటు దగ్గర ఎవరున్నారమ్మా?"

"ఆ పొడుగమ్మాయేనండి, స్టూడెంటు. మేడమ్ తనని చూసి చెయ్యి ఊపుతున్నారని, గాభరాపడుతున్నారని నన్ను డాక్టరుగారి కోసం పంపింది. ఆయన ఆపరేషన్‌లో ఉన్నారు."

"గదిలోకి వెళ్ళు. ఇప్పుడే. ఆ అమ్మాయిని బయటికి లాగు."

అవతల చెప్పుల చప్పుడు, తర్వాత తలుపు కొట్టిన చప్పుడు. "లోపల గడియ పెట్టుందండి," అంది నర్సు. "పిలిస్తే పలకట్లేదు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మం దాటాడు. పరిగెడుతూనే వైర్‌లెస్‌లో ఆస్పత్రి దగ్గరి బీటు కానిస్టేబుళ్ళని పిలుస్తున్నాడు. భూతద్దం ఫోను చెవికి ఆనించుకునే అతని వెంట మెట్లు దిగింది. జీపు తలుపు దగ్గర అతను ఆగి వెనక్కి తిరిగాడు. చేతి నిండా సిరా. ముఖంలో కోపం లేదు. అదే ఆవిడ భరించలేకపోయింది.

"వదినా, ఆ అమ్మాయే అని మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే తెలిసిందని చెప్పొచ్చు. అతను నమ్ముతాడు. ఆవిడ మాట అతను ఏనాడూ కాదనలేదు.

"నువ్వు రాకముందే," అంది. "రెండూ ముప్పై అయిదుకి."

అతను వాచీ చూసుకోబోయాడు. అది పైన బల్లమీద ఉండిపోయింది. ఆవిడ చేతి గడియారంలో మూడూ పద్నాలుగు. ఇద్దరూ చూసి జీపెక్కారు. జీపు కదిలింది. ఫోనులో నర్సు ఇంకా తలుపు బాదుతూనే ఉంది.